బోణీ కమాండ్

బరంపురంలో ఒక స్కానింగ్ సెంటర్లో చాలా ఏళ్ళు కంప్యూటర్లు చూసుకుని మొన్నమొన్ననే రిటైరయ్యాను. చూసుకోవడం అంటే ఏమిటని మా బంధువులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. చంటిపిల్లల్ని చూసుకోవడం లాంటిదే. బాగున్నంతకాలం మనం ఉన్నామన్న సంగతి ఎవరికీ గుర్తుండదు, ఏడుపు మొదలైతే మాత్రం ఇంటిల్లిపాదీ మనవైపే చూస్తారు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసినప్పుడల్లా నన్ను హ్యాకింగ్ కథలు చెప్పమంటారు. నా దగ్గర అలాంటివి లేవు. ఉన్నది ఒకటే కథ. అందులో దొంగ లేడు, దొంగ అనిపించుకున్న మనిషి మాత్రం ఉంది. ఆ మాట చెరిపేసింది నేనే కాబట్టి చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం వినిపిస్తే సర్దుకోండి. వినిపించకపోతే మళ్ళీ మొదటినుంచి చదవండి.

బడాబజారులో మా నాన్నది ఎండుమిరపకాయలు, చింతపండు హోల్‌సేల్ కొట్టు. ఎన్ని తరాల క్రితం ఈ ఒడియా ఊరికి వచ్చామో చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, స్కూల్లో ఇంగ్లీషు. కొట్టుకి కంప్యూటర్ కొన్న రోజున మా అన్నయ్యలిద్దరూ దాన్ని ముట్టుకోవడానికి జంకారు. నేను ముట్టుకున్నాను, ఇక వదల్లేదు. పెళ్ళయి ఊరి చివర అంకులి పేటకి కాపురానికి వచ్చాక కూడా ఆ పిచ్చి తగ్గకపోయేసరికి మా ఆయనే ఈ స్కానింగ్ సెంటర్లో ఉద్యోగం ఉందని కబురు తెచ్చాడు. ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్లు విప్పి చూడటం మానేస్తానని ఆయన ఆశ.

సెంటర్ యజమాని పెద్ద డాక్టరుగారు. ఒడియా ఆయన, అయినా తెలుగు మాతో సమానంగా మాట్లాడతారు. మంచివారే గానీ తొందర మనిషి. కుర్చీలో కూర్చున్న క్షణానికి తొలి పేషెంటు స్కాన్ తెరమీద ఉండాలి. లేకపోతే ఎదురుగా ఎవరుంటే వాళ్ళకి మూడినట్టే. పొద్దున్నే ఎదురుగా ఉండేది మా సీనియర్ టెక్నీషియన్. చికిటి దగ్గరి పల్లె ఆమెది. తండ్రికి కాస్త పొలం, రోడ్డు పక్కన చిన్న కిరాణా కొట్టు. ఎక్స్-రే కోర్సు చదివి, రోజూ బస్సులో వచ్చిపోతూ, మా దగ్గర తలుపులు తీసే డ్యూటీ ఏళ్ళ తరబడి చేసింది. ముప్పై దాటిన మనిషి. నన్ను అక్కా అంటుంది. తక్కువ మాట్లాడుతుంది, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోదు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం, అందుకే మాకు బాగా కుదిరింది.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పాలి, ఓపిక పట్టండి. మా దగ్గర ముఖ్యమైన మెషీన్లు రెండు. ఒకటి స్కాన్లన్నీ దాచేది, ఇంకొకటి నడిపేది. డాక్టర్ల గదుల్లో తెరలన్నీ ఈ నడిపే మెషీన్ మీదే పనిచేస్తాయి. దాచే మెషీన్‌లోని ఫోల్డర్‌ని నడిపే మెషీన్‌కి కలపడాన్ని మౌంట్ చేయడం అంటాం. పొద్దస్తమానం మనిషి కూర్చుని కలపక్కర్లేకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఒక ఆటోమౌంట్ సర్వీస్ ఉంటుంది. ఎవరైనా ఆ ఫోల్డర్‌ని తాకగానే అదే కలుపుతుంది, కాసేపు ఎవరూ తాకకపోతే అదే విడదీస్తుంది. గోడౌన్ తాళాలు మొలకి దోపుకుని తిరిగే గుమస్తా అనుకోండి. ఆ గుమస్తా బాగా పనిచేస్తున్నాడన్న నమ్మకంతో నేను చాలా ఏళ్ళు హాయిగా ఉన్నాను.

ఒక వేసవిలో పొద్దుటిపూట మెషీన్లు ఆగిపోవడం మొదలైంది. ఆగిపోవడం అంటే కరెంటు పోయినట్టు కాదు. తెర వెలుగుతూనే ఉంటుంది. డాక్టరుగారు స్కాన్ ఫోల్డర్ మీద నొక్కుతారు, అంతే, బిగుసుకుపోతుంది. తప్పు జరిగిందని ఒక ముక్క రాదు. ఆ ప్రోగ్రామ్‌ని చంపుదామంటే చావదు. ఇంకో గదిలో ఇంకో డాక్టరు అదే ఫోల్డర్ నొక్కితే ఆయన తెరా బిగుసుకుంటుంది. మెషీన్‌ని మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెడితే తప్ప ఎవరికీ విడుదల లేదు. ఈలోపు హాలంతా జనం. చికిటి నుంచి, గంజాం నుంచి తొలి బస్సుకి బయల్దేరి, ఏమీ తినకుండా వచ్చి కూర్చున్నవాళ్ళు.

మేం చేయని వైద్యం లేదు. కేబుళ్ళు మార్చాం. ఎలుకలు కొరికాయేమోనని ఫాల్స్ సీలింగ్ పలకలు దింపి చూశాం. ఒకటి దింపితే చచ్చిన బల్లి నా నెత్తిన పడింది, దాన్ని తప్ప ఏమీ కనిపెట్టలేకపోయాం. దాచే మెషీన్ డిస్కులు కొత్తవి వేశాం. నాలుగు రోజులు బాగుండేది, నేను కాలర్ ఎగరేసేదాన్ని, ఐదో రోజు మళ్ళీ మొదటికి వచ్చేది. తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు గంజాం నుంచి ఆయాసంతో వచ్చిన ఒక జాలరి ఛాతీ స్కాన్ తీసి కూడా తెరవలేక పెద్దాసుపత్రికి పంపేశాం. అతను తర్వాత కోలుకున్నాడు గానీ, ఆరోజు అతని భార్య మమ్మల్ని చూసిన చూపు పెద్ద డాక్టరుగారు తట్టుకోలేకపోయారు. సాయంత్రానికల్లా భువనేశ్వర్ నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు.

అతను తెలివైనవాడే. నాకంటే బాగా చిన్నవాడు, మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా. కేబుళ్ళ జోలికి పోలేదు. మెషీన్ ఏయే రోజుల్లో ఆగిందో, ఆ రోజుల్లో డ్యూటీలో ఎవరున్నారో పక్కపక్కన పెట్టి చూశాడు. అది నేను చేయని పని. ఆగిన ప్రతిరోజూ తలుపు తీసింది చికిటి అమ్మాయే. ఆమె సెలవులో ఉన్నరోజు ఒక్కసారి కూడా ఆగలేదు. దానికి తోడు అంతకు కొన్నాళ్ళ ముందు ఆమె డ్యూటీ మార్చమని అడగడం, డాక్టరుగారు కుదరదనడం, ఇద్దరికీ మాటామాటా రావడం అందరికీ తెలుసు. ఇంకేం, లెక్క సరిపోయింది.

నన్ను అడిగితే గదిలో తలుపేసి అడగాల్సిన మాట అది. డాక్టరుగారు హాల్లో అడిగారు. రిసెప్షన్ ముందు, స్టాఫ్ ముందు, బెంచీల నిండా కూర్చున్న పేషెంట్ల ముందు.

"నువ్వు వచ్చిన రోజే మెషీన్లు ఎందుకు ఆగుతున్నాయి? నామీద కోపం ఉంటే నాతో చూసుకోవాలి. జబ్బు మనుషుల మీద చూపిస్తావా? ఇది దొంగపని కాదా?"

ఆమె చేతిలో ఉన్న ఎక్స్-రే కవరు బల్లమీద పెట్టింది. "నానేటీ పాడుసెయ్యలేదు సార్," అంది. అంతే. డాక్టరుగారు వచ్చే సోమవారంతో నీ పని సరి అనేశారు. బెంచీల మీద గుసగుసలు బయల్దేరాయి. మాది పెద్ద ఊరే గానీ ఇలాంటి కబురు చికిటి చేరడానికి ఆమె ఎక్కే బస్సుకంటే ముందు బస్సు చాలు.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆరోజు ముక్కు దిగి నోట్లోకి వచ్చేసింది. డాక్టరుగారి వెనకే గదిలోకి వెళ్ళి, మెషీన్ల బాధ్యత నాదైనప్పుడు ముందు నన్ను పంపండి, ఆమెని తర్వాత చూద్దురుగాని అన్నాను. ఆయన నీళ్ళు తాగి, "మేడమ్, మీకు సోమవారం దాకా టైమ్. కారణం చూపించండి. చూపించలేకపోతే నా నిర్ణయం మారదు," అన్నారు. ఠిక్ అఛి, అలాగే, అని వచ్చేశాను. బయటికొచ్చాక గానీ గుర్తురాలేదు, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదని.

మర్నాడు, శనివారం పొద్దున్న, ఆమెకంటే ముందే సెంటర్ మెట్లమీద కూర్చున్నాను. వస్తుందో రాదోనని కూడా అనుకున్నాను. వచ్చింది, చెమటలు కక్కుకుంటూ.

"ఏటక్కా, ఇంత పెందలకడే వొచ్చేసినావు? మా బస్సు ఆలీసం అయిపోనాది."

"నువ్వు పొద్దున్న ఏటేటి సేస్తావో సూద్దామని వొచ్చేను. నాను లేననుకుని నీ పని నువ్వు సేసుకో."

"నువ్వు కూడా నన్ను అనుమానిస్తన్నావేటి?"

"అనుమానం కాదే. ఏటి జరుగుతందో నాకు కనబడాల. రోజూ ఎలాగ సేస్తావో అలాగే సెయ్యి."

ఆమె షట్టరు ఎత్తింది. గుమ్మంలో నీళ్ళు చల్లింది. కౌంటరు దగ్గర దేవుడి పటానికి అగరొత్తి వెలిగించింది. లైట్లు, ఏసీ, ఎక్స్-రే యూనిట్. తర్వాత కంప్యూటర్ ముందు నిలబడే, కూర్చోకుండానే, టకటకా ఒక లైను కొట్టి ఎంటర్ నొక్కి, చీపురు పట్టుకుని అవతలికి వెళ్ళిపోబోయింది.

"ఆగు. ఏటది?"

"ఏది?"

"ఇప్పుడు కొట్టినావే, అది."

"అదా. బోణీకక్కా."

నాకు అర్థం కాలేదు. ఆమె నాకు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "డాట్రుబాబు కూకోగానే తొలి పేషెంటు ఫొటో నొక్కుతారు గదా. ఫోల్డరు కలిసీసరికి కొంచెం సేపు పడతాది. ఆయనకి కోపం. ఆ పేషెంటేమో బిక్కుబిక్కుమంటా కూకుంటాడు. మా అయ్య కొట్టుకాడ ఏటంటే, తొలి బేరమొచ్చినోడు గుమ్మంకాడ నిలబడకూడదు. నిలబెడితే ఆ రోజంతా అలాగే ఉంటాది. అందుకని అవసరానికని నువ్వు మా అందరికీ నేర్పినావే, మౌంటు కమాండు, అది ముందే కొట్టీసి ఉంచుతాను. మరి తలుపు తీసి పెట్టాల గదా."

"ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పలేదు?"

"నీళ్ళు సల్లినానని నీకు సెప్తన్నానేటి?"

అంతకు ముందే భువనేశ్వర్ నిపుణుడు ఆమెని గంటసేపు ప్రశ్నించాడు, మెషీన్‌కి ఏమైనా చేశావా అని. ఆమె లేదంది. అబద్ధం కాదు. ఆమె దృష్టిలో అది మెషీన్ పని కాదు, కొట్టు తెరిచే పని. అతను ఏ కొట్లోనూ పెరగలేదు, అడగాల్సిన ప్రశ్న అతనికి తట్టదు. నేను పెరిగాను. మా నాన్న బోణీ బేరం కుదిరేదాకా మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదు.

ఇలా మాట్లాడుతూనే ఫోల్డర్ మీద నొక్కాను, తెర బిగుసుకుపోయింది. నా కళ్ళముందే.

నిజం చెప్పొద్దూ, ఆ భువనేశ్వర్ అబ్బాయి చెప్పింది సగం నిజమేనన్నమాట. ఆపుతున్నది ఈమె చెయ్యే. ఈ మాట ఇలాగే తీసుకెళ్ళి డాక్టరుగారికి చెబితే ఆమె పని అయిపోయినట్టే. చెప్పకుండా దాస్తే ఆమె దొంగగా వెళ్ళిపోతుంది. ఆమె నన్నే చూస్తోంది.

"నాను కొడితేనే ఆగుతందా అక్కా?"

"రోజూ కొడతావా?"

"దినామూ."

"దినామూ ఆగుతందా?"

"లేదు. బస్సు ఆలీసమైన రోజే ఎక్కువ."

అక్కడ పట్టుకున్నాను. బస్సు ఆలస్యమైతే మెషీన్ ఎందుకు ఆగాలి? ఆలస్యమైన రోజున ఆమె ఈ కమాండ్ కొట్టే వేళకి ఇంకేం జరుగుతోంది? గంజాంలో ఆ వేసవికే తెరిచిన మా బ్రాంచ్‌కి ఫోన్ చేశాను. అక్కడివాళ్ళు ఉప్పుమళ్ళ పనివాళ్ళకీ జాలర్లకీ తెల్లారగానే ఎక్స్-రేలు తీసి, మా షట్టరు ఎత్తే వేళ దాటిన కాసేపటికి తొలి ఫొటో పంపుతారు. అది వచ్చి స్కాన్ ఫోల్డర్‌ని తాకుతుంది. బస్సు టైముకి వస్తే ఈమె కమాండ్ ముందు, గంజాం ఫొటో వెనక. ఆలస్యమైతే రెండూ ఒకేసారి. ఫొటో తాకేసరికి ఆటోమౌంట్ సర్వీస్ కలపబోతుంటుంది, అదే క్షణంలో ఈమె చేత్తో కలిపేస్తుంది.

ఇద్దరూ ఒకే తలుపు తీస్తే తలుపు తెరుచుకోవాలి గానీ మెషీన్ ఎందుకు బిగుసుకోవాలి? అది మాత్రం తేలలేదు. శనివారమంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. వెళ్ళేటప్పుడు ఆమెకి చెప్పాను, "సోమవారం నువ్వు రావద్దు. ఇంటికాడే ఉండు."

"పారిపోనాదంటారక్కా."

"అననీ. నామీద నమ్మకముందా, లేదా?"

ఆమె సంచీ భుజాన వేసుకుని, "ఉన్నాది," అని వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట ఆదివారమంతా నా నెత్తిమీద బస్తాలా కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం. మా ఆయన వంటింట్లో ఉన్నాడు. నేను ముందుగదిలో పాత కంప్యూటర్ ముందేసుకుని కూర్చుని, "గ్యాస్ కట్టేరా?" అని అరిచాను. జవాబు లేదు. మళ్ళీ అరిచాను. జవాబు లేదు. మూడోసారి లేచి వెళితే స్టవ్ ఆఫ్ చేసి ఉంది, ఆయన తాపీగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"అడుగుతంటే పలకరేటి?"

"నువ్వు అడిగీసరికే కట్టీసినాను గదా. మళ్ళీ సెప్పడమెందుకు?"

పెళ్ళయిన నాటినుంచి ఈ సంభాషణ మా ఇంట్లో నడుస్తూనే ఉంది. ప్రతిసారీ తిట్టేదాన్ని. ఆరోజు తిట్టలేదు. అలా నిలబడిపోయాను. పని అయిపోయింది కదా అని జవాబు చెప్పకపోతే, అడిగినవాళ్ళ గతి ఏమిటి? అయిందని వాళ్ళకెలా తెలుస్తుంది? నిలబడే ఉంటారు.

పరుగున వెళ్ళి ఆ సర్వీస్ లోపలి ప్రోగ్రామ్ తెరిచాను. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ కాబట్టి ఎవరైనా చదవొచ్చు. అదే అక్షరాలా ఉంది. ఫోల్డర్‌ని ఎవరైనా తాకితే, సిస్టమ్ వాళ్ళని ఆపి ఉంచి, కలపమని సర్వీస్‌ని అడుగుతుంది. సర్వీస్ కలిపి "అయింది" అని జవాబు చెప్పాలి. ఆ జవాబు వచ్చాకే ఆగినవాళ్ళు కదులుతారు. మధ్యలో ఇంకెవరో చేత్తో కలిపేస్తే, సర్వీస్ చూసి, ఇప్పటికే కలిసి ఉంది కదా, నేను చేసేదేముంది అని ఊరుకుంటోంది. జవాబు పంపడం లేదు. అడిగినవాడు ఆ జవాబు కోసం నిలబడే ఉంటాడు. వాడి వెనక వచ్చినవాడూ అంతే. ఆమే అని కాదు, ఎవరు ఆ క్షణంలో ఆ కమాండ్ కొట్టినా మెషీన్ నిలిచిపోవాల్సిందే. కావాలని చేసేవాడి చేతిలో పడితే ఆఫీసు మొత్తాన్ని ఆపేయొచ్చు. మా వృత్తిలో దీన్నే సేవలు నిలిపేసే లోపం అంటారు, పెద్ద తప్పుల జాబితాలో రాస్తారు.

వెతికితే ఆ సిస్టమ్ తయారుచేసేవాళ్ళ ప్రకటన కూడా దొరికింది. లోకంలో ఇంకెక్కడో ఇంకెవరికో ఇదే తలనొప్పి వచ్చింది. వాళ్ళు సరిచేసి కొత్త అప్‌డేట్ కూడా ఇచ్చేశారు. సరిచేసింది పెద్దదేమీ కాదు. ముందే కలిసి ఉన్నా సరే, అడిగినవాడికి జవాబు చెప్పు. ఇంతే. ఇది చదివి నేను గట్టిగా నవ్వేసరికి మా ఆయన వేరుశనక్కాయల పళ్ళెంతో వచ్చాడు.

"ఏటయ్యింది?"

"మీలాంటి మనిషి ఇంకోడు దొరికేడు. వాణ్ణి బాగుచేసేరట. మీకు కూడా అప్‌డేట్ ఉందేమో సూస్తాను."

చదివి తెలుసుకోవడం వేరు, చూపించడం వేరు. ఫోల్డర్‌ని పదేపదే తాకే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశాను. పాత కంప్యూటర్లో దాన్ని నడుపుతూ, పక్కనుంచి చేత్తో కమాండ్ కొడుతూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కాలేదు. టీ చల్లారింది. కొట్టి కొట్టి వేళ్ళు నొప్పెట్టాక ఒక్కసారిగా తెర బిగుసుకుపోయింది. కంప్యూటర్ ఆగిపోతే చప్పట్లు కొట్టిన మనిషిని అంకులిలో అదే మొదటిసారి చూసి ఉంటారు.

సోమవారం పెద్ద డాక్టరుగారి గదిలో ముగ్గురం ఉన్నాం. ఆయన, భువనేశ్వర్ నిపుణుడు, నేను. చికిటి అమ్మాయి రాలేదని అప్పటికే సెంటరంతా పాకింది. నిపుణుడు ఒడియాలో అన్నాడు, "మేడమ్, ఆమె రాకపోవడమే జవాబు కాదా?"

"అవును, జవాబే. ఆమె చికిటిలో ఉంది. నేను నా చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను. మెషీన్ ముందు మీరే కూర్చోండి," అన్నాను.

అసలు మెషీన్ ముట్టుకోకుండా, అదే సిస్టమ్ ఉన్న విడి మెషీన్ పెట్టాను. ఫోల్డర్‌ని తాకే ప్రోగ్రామ్ మొదలుపెట్టించాను. కమాండ్ నిపుణుణ్ణే కొట్టమన్నాను. కొట్టాడు. ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టాడు. ఏమీ కాలేదు. ఇలాంటి లోపాలతో వచ్చిన చిక్కే ఇది. రెండు పనులూ సరిగ్గా ఒకే క్షణంలో పడాలి, పిలిచినప్పుడు రావు. డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. నిపుణుడు నావైపు జాలిగా చూశాడు, ఆ జాలి నాకు కోపం కంటే ఎక్కువ మండింది. "ఆపకండి, కొడుతూనే ఉండండి," అన్నాను. కొడుతూనే నాతో ఏదో చెప్పబోయాడు. సగంలో ఆగిపోయాడు. తెర కదలడం లేదు.

అతను ఇంకో విండో తెరిచాడు. ఫోల్డర్ చూడబోయాడు, అదీ బిగుసుకుంది. ప్రోగ్రామ్‌ని చంపబోయాడు, చావలేదు. మీరు నమ్మండి, అతని చెవులు ఎర్రబడటం నేను కూర్చున్న చోటి నుంచి కనిపించింది.

"కణ హేలా? ఏమైంది?" అన్నారు డాక్టరుగారు కుర్చీలో ముందుకి వంగి.

"ఆగిపోయింది సార్," అన్నాడు అతను.

"ఎవరు ఆపారు?"

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. అతనే, "నేనే సార్," అన్నాడు.

అప్పుడు చెప్పాను. సర్వీస్ జవాబు చెప్పకపోవడం, గంజాం ఫొటో, చికిటి బస్సు, అన్నీ. చివరికి మెషీన్‌కి ఆ కొత్త అప్‌డేట్ వేసి, మళ్ళీ అతన్నే కొట్టమన్నాను. కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. ఈసారి ఆగాలని అతనే పట్టుదలగా కొట్టాడు. టీలు వచ్చాయి, తాగాం, గ్లాసులు వెళ్ళిపోయాయి. ఆగలేదు. అతను కీబోర్డు నుంచి చేతులు తీసి, "మేడమ్ చెప్పింది నిజం సార్. నేను ఏ మనిషి అని వెతికాను. మెషీన్ ఏం చేస్తోందని వెతకలేదు," అన్నాడు. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆరోజు నుంచి అతనంటే నాకు గౌరవం.

డాక్టరుగారు మాత్రం ఇంకా ఒకచోట పట్టుకున్నారు. "అంటే ఆ కమాండ్ ఆవిడ కొట్టిన మాట నిజమేగా మేడమ్?"

"నిజమే. అందరికీ అనుమతి ఉన్న కమాండే. ఎందుకు కొట్టిందో అడగండి."

"ఎందుకు?"

"మీరు కూర్చోగానే తొలి పేషెంటు స్కాన్ తెరుచుకోవాలని. బోణీకి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడకూడదని. మీ కోపం పేషెంటు మీద పడకూడదని."

ఒడియా ఇళ్ళల్లోనూ ఆ పట్టింపు ఉంది, ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపటి నుంచి రమ్మనండి," అన్నారు.

గెలిచాననుకుని గంతులేసుకుంటూ చికిటికి ఫోన్ చేశాను. అంతా విన్నది. మధ్యలో ఒకసారి ఏడ్చింది కూడా. రేపు తొలి బస్సుకి వచ్చేయమన్నాను.

"నాను రాను అక్కా."

"అదేటే? తప్పు నీది కాదని తేలిపోనాది."

"నీకు తేలింది. ఆయనకి తేలింది. గదిలో తేలింది. నన్ను హాల్లో అన్నారు గదా. మా ఊరోళ్ళు ముగ్గురున్నారు ఆ బెంచీల మీద. హాల్లో అన్న మాట హాల్లోనే తియ్యాల. లేపోతే నాకు వద్దు."

డాక్టరుగారికి ఆ మాట యథాతథంగా చెప్పాను, ఒక్క అక్షరం మెత్తబరచలేదు. ఆయన ముఖం ముడుచుకుంది. యజమాని కదా. నేను కూడా ఏమీ బతిమాలలేదు. సాయంత్రం వెళ్ళిపోయేటప్పుడు నా గది దగ్గర ఆగి, "ఆవిడని రమ్మనండి. అందరూ ఉన్న టైమ్‌కే రమ్మనండి," అని వెళ్ళిపోయారు.

మర్నాడు హాలు కిటకిటలాడుతోంది. ఆమె వచ్చి గుమ్మం పక్కన నిలబడింది, లోపలికి రాలేదు. డాక్టరుగారు తన గదిలోంచి నడిచి వచ్చారు. వెనక ఆ భువనేశ్వర్ అబ్బాయి కూడా ఉన్నాడు, వెళ్ళిపోవాల్సినవాడు ఇందుకోసమే ఆగాడట. హాలు మధ్యలో నిలబడి డాక్టరుగారు ముందు ఒడియాలో చెప్పారు, తర్వాత అదే తెలుగులో చెప్పారు.

"మెషీన్లు పాడుచేసిందని ఇదే హాల్లో ఈమెని నేను అన్నాను. అది తప్పు. లోపం మెషీన్‌లో ఉంది. ఈమె ఏ తప్పూ చేయలేదు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను. నన్ను క్షమించాలి."

నా కళ్ళనిండా నీళ్ళు, అంత గర్వం నాకు మా పిల్లల పెళ్ళిళ్ళలో కూడా కలగలేదు. ఆమె తల ఎత్తి ఆయన్ని సూటిగా చూసింది.

"సరే సార్. సాలు. పేషెంట్లు కూకున్నారు, నాను ఎల్తాను."

ఆమె ఎక్స్-రే గదివైపు కదిలింది. బెంచీ చివర కూర్చున్న ఒక ముసలమ్మ, వరసలో తనకంటే ముందు ఎంతమంది ఉన్నారో చూసుకోకుండా లేచి, తన చీటీ ఆమె చేతిలో పెట్టింది.

"నా ఫొటో నువ్వే తియ్యమ్మా," అంది.

ముందున్నవాళ్ళు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆమె ముసలమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.